కోడ్ వచ్చింది సరే, మనకి వచ్చిందా?



పోస్టు కొంచెం పెద్దదే. రాత్రి మెస్‌లో భోజనం అయ్యాక తీరిగ్గా చదవండి. బీటెక్, ఎంసీఏ, డిగ్రీ కంప్యూటర్స్, పాలిటెక్నిక్ వాళ్లు మాత్రం చివరిదాకా చదవాలి. ఇంటర్ ఎంపీసీ చదువుతూ "సీఎస్‌ఈ తీసుకోవచ్చా అన్నా, ఏఐ వచ్చేసింది కదా" అని అడుగుతున్న తమ్ముళ్లకి కూడా ఇందులో జవాబు ఉంది.

నా గురించి రెండు ముక్కలు. మాది పాడేరు వైపు కొండ మీద ఊరు. ఆశ్రమ పాఠశాల, తర్వాత గురుకులం, ఇప్పుడు ఇంజనీరింగ్ కాలేజీలో సీఎస్‌ఈ మూడో ఏడాది. ఎస్టీ హాస్టల్లో ఉంటున్నా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాళ్లలో నేనే మొదలు.

ఈమధ్య మన గ్రూపులో ఏఐ మీద రెండు మాటలు నడుస్తున్నాయి. కొందరు "కాలేజీల్లో చాట్‌జీపీటీని పూర్తిగా బంద్ చేయాలి, పిల్లలు పాడైపోతున్నారు" అంటున్నారు. ఇంకొందరు "ఇక కోడింగ్ నేర్చుకోవడం దండగ, అంతా అదే రాస్తుంది, దాన్ని అడగడం వస్తే చాలు" అంటున్నారు. రెండూ చెప్పేది మన మంచికే అని నాకు తెలుసు. కానీ నేను రెండింటికీ ఒప్పుకోను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఏఐ వాడాలి, బాగా వాడాలి. కానీ అది రాసిన కోడ్‌ని మన నోటితో చెప్పలేకపోతే ఆ కోడ్‌కి మార్కు రాకూడదు. ఈ రూలు పెట్టమని కాలేజీని మొదట అడగాల్సింది మనమే. వినడానికి వింతగా ఉంటుంది, మన మెడకి మనమే తాడు తెచ్చుకుంటున్నట్టు. ఎందుకలా అంటున్నానో ఒక్కొక్కటిగా చెప్తా.

1. మనకి దొరికిన మొదటి ట్యూషన్ మాస్టారు

ముందు ఏఐ చేసిన మేలు చెప్పాలి. చెప్పకపోతే అన్యాయం.

టౌన్ పిల్లలకి డౌటొస్తే ఇంట్లోనో చుట్టాల్లోనో ఎవరో ఒకరు ఉంటారు. సాఫ్ట్‌వేర్‌లో చేసే బాబాయో, పక్క ఫ్లాట్ అంకులో. లేదంటే డబ్బు కట్టి కోచింగ్‌కి పోతారు. మా నాన్నకి నేను "కంప్యూటర్ చదువుతున్నా" అన్నంతవరకే తెలుసు. క్లాసులో లేచి అడుగుదామంటే ఇంగ్లీషు. తప్పు ఇంగ్లీషులో అడిగితే వెనక బెంచీల్లో నవ్వు. "రిజర్వేషన్‌లో వచ్చాడు" అని నోటితో అనకపోయినా చూపుల్లో కనిపిస్తుంది. అందుకే మనవాళ్లు చాలామంది మూడేళ్లలో క్లాసులో మూడు డౌట్లు కూడా అడగరు.

2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ బయటికొచ్చింది. తర్వాత జెమినై, కోపైలట్, ఇంకా చాలా వచ్చాయి. రాత్రి 12 గంటలకి "పాయింటర్ అంటే ఏంటి, తెలుగులో మా ఊళ్లో అర్థమయ్యేలా చెప్పు" అంటే చెప్తుంది. పదిసార్లు అడిగినా విసుక్కోదు, నవ్వదు, కులం అడగదు. పాయింటర్ అంటే ఇల్లు కాదు, ఇంటి నంబరు రాసిన చీటీ. చీటీని ఇంకో కాగితం మీద రాసుకుంటే ఇల్లు రెండవదు. ఉన్న ఒక్క చీటీ పోగొట్టుకుంటే ఇల్లు అక్కడే ఉంటుంది, మనకే దారి తెలీదు. మెమరీ లీక్ అంటే అదే. ఇలా చెప్తే అర్థం కాని పిల్లాడు ఎవడుంటాడు?

కాబట్టి "బంద్ చేయండి" అనే అన్నలకు ఒక్క మాట. మన పిల్లలకి జీవితంలో మొదటిసారి ఎదురు ప్రశ్న వేసినా కోప్పడని మాస్టారు దొరికాడు. ఆయన్ని గేటు బయట నిలబెట్టమని మనమే అడగొద్దు.

2. సబ్మిషన్ సమానమైంది, చదువు కాలేదు

ఇప్పుడు రెండో వైపు.

హాస్టల్లో మన పరిస్థితి మీకు తెలిసిందే. రూముకి నలుగురు, ల్యాప్‌టాప్ ఒక్కటి, అది కూడా సెకండ్ హ్యాండ్. కాలేజీ ల్యాబ్ వారానికి రెండు పూటలు. అందులోనూ సగం సిస్టమ్‌లు ఆన్ కావు. అందరి దగ్గరా ఉండేది ఫోన్, రోజుకి 1.5 జీబీ డేటా. ఫోన్‌లో కోడ్ టైప్ చేసి చూడండి ఒకసారి. ఒక్క బ్రాకెట్ కోసం కీబోర్డు రెండుసార్లు మార్చాలి. రన్ చేసి తప్పు వెతకడం ఇంకా నరకం. అదే ఫోన్‌లో ప్రశ్నని పేస్ట్ చేసి జవాబుని కాపీ చేయడం అర నిమిషం పని.

అంటే మనవాళ్లు కాపీ కొడుతున్నారంటే బద్ధకం ఒక్కటే కారణం కాదు. మన చేతిలో ఉన్న వస్తువు కాపీకి వీలుగా ఉంది, సాధనకి వీలుగా లేదు. ఇది లెక్చరర్లు గమనించట్లేదు.

దీని ఫలితం ఏంటంటే, ఇప్పుడు అందరి రికార్డులూ బాగుంటున్నాయి. సొంత ల్యాప్‌టాప్ ఉన్నవాడి ప్రోగ్రామూ, హాస్టల్ వాడి ప్రోగ్రామూ ఒకేలా రన్ అవుతున్నాయి. చూసి "ఏఐ మనందర్నీ సమానం చేసింది" అని కొందరు సంబరపడుతున్నారు. సమానమైంది సబ్మిషన్ మాత్రమే.

దీని మీద పరిశోధనలు కూడా జరిగాయి. టర్కీలో ఒక హైస్కూల్లో దాదాపు వెయ్యి మంది పిల్లలతో లెక్కల క్లాసులో పరీక్ష పెట్టారు. పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్లు చేసిన పని అది, 2024లో బయటపెట్టారు. కొందరికి మామూలు చాట్ ఇచ్చారు, అడిగితే జవాబు చెప్పేస్తుంది. కొందరికి ట్యూటర్ లాంటిది ఇచ్చారు, జవాబు చెప్పదు, సూచన ఇస్తుంది. మిగతావాళ్లకి పుస్తకం, నోట్సు మాత్రమే. ప్రాక్టీసులో మామూలు చాట్ వాళ్లకి 48 శాతం, ట్యూటర్ వాళ్లకి 127 శాతం ఎక్కువ మార్కులు వచ్చాయి. తర్వాత అన్నీ తీసేసి పరీక్ష పెట్టారు. మామూలు చాట్ వాడినవాళ్లు, అసలు ఏఐ ముట్టుకోనివాళ్ల కంటే 17 శాతం తక్కువ తెచ్చుకున్నారు. సూచనలు మాత్రమే ఇచ్చిన ట్యూటర్ వాళ్లకి ఆ నష్టం దాదాపు లేదు.

ఇది లెక్కల సంగతి, కోడింగ్ వేరు అంటారేమో. అదే ఏడాది అమెరికాలో కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న 21 మందిని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, కళ్లు ఎటు చూస్తున్నాయో కూడా గమనిస్తూ ఒక అధ్యయనం చేశారు. ముందే పట్టున్నవాళ్లు ఏఐతో ఇంకా వేగంగా వెళ్లారు. అక్కర్లేని సలహాని పక్కన పడేయడం వాళ్లకి తెలుసు. తడబడేవాళ్లు కూడా ప్రోగ్రాం అయితే పూర్తి చేశారు. కానీ తమకి అర్థమైందనే భ్రమలో మిగిలిపోయారు. ఆ పేపర్ పేరులోనే "పెరుగుతున్న అంతరం" అని పెట్టారు.

ఈ అంతరంలో కింది ఒడ్డున ఎవరుంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆరో తరగతి నుంచి కంప్యూటర్ ముట్టుకున్నవాడికి ఏఐ రెక్కలు. బీటెక్ మొదటి ఏడాదిలో మొదటిసారి మౌస్ పట్టినవాడికి అదే ఏఐ చేతికర్ర. కర్రతో నడవడం తప్పు కాదు. కాళ్లు ఉండి కూడా కర్ర అలవాటైతే, కర్ర తీసేసిన రోజు పడిపోతాం.

కర్ర తీసేసే రోజు తప్పకుండా వస్తుంది. కంపెనీ ఆన్‌లైన్ టెస్టులో కెమెరా ఆన్‌లో ఉంటుంది, వేరే విండో తెరిస్తే టెస్టు ఆగిపోతుంది. ఇంటర్వ్యూలో మొదట అడిగేదే "నీ ప్రాజెక్టు గురించి చెప్పు" అని. మా సీనియర్ బ్యాచ్‌లో చూశాను. ప్రాజెక్టు బ్రహ్మాండంగా నడిచింది. "ఈ రెండు టేబుళ్లని ఈ కీతో ఎందుకు కలిపావు?" అంటే టీమ్ నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టౌన్ పిల్లాడికి అక్కడ పోతే ఇంకో దారి ఉంటుంది. మేనమామ కంపెనీ ఉంటుంది, లేదా ఇంకో ఏడాది కోచింగ్‌కి డబ్బు ఉంటుంది. మనకి కోర్సు అయిపోగానే హాస్టల్ ఖాళీ చేయాలి.

3. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ అంటే కోడ్ టైప్ చేయడం కాదు

"అంతా ఏఐ రాస్తుంది కదా" అనే వాళ్లకి ఈ ముక్క.

మూడో ఏడాదిలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ అని ఒక సబ్జెక్టు ఉంటుంది. మనవాళ్లు దాన్ని థియరీ అనుకొని, వాటర్‌ఫాల్ మోడల్ బొమ్మ బట్టీ కొట్టి పాసవుతారు. నా దృష్టిలో నాలుగేళ్లలో మనకి అన్నిటికంటే దగ్గరి సబ్జెక్టు అదే. ఎందుకంటే అందులో మొదటి పాఠం కోడ్ కాదు, రిక్వైర్‌మెంట్స్. అంటే ఎవరికి, ఏం కావాలి, ఏ పరిస్థితిలో వాడతారు అని అడిగి రాసుకోవడం. దాన్నే ఎస్‌ఆర్‌ఎస్ డాక్యుమెంట్ అంటారు.

ఇప్పుడు క్లాసులో ఎస్‌ఆర్‌ఎస్ ఎలా వస్తోంది? "లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌కి ఎస్‌ఆర్‌ఎస్ రాయి" అని ఏఐని అడుగుతారు. రెండు నిమిషాల్లో 15 పేజీలు. మా క్లాసులో చాలా టీమ్‌ల డాక్యుమెంట్లు పక్కపక్కన పెడితే కవలపిల్లల్లా ఉన్నాయి. ఒక్కరు కూడా లైబ్రరీకి వెళ్లి అక్కడి మేడమ్‌ని "మీకు ఇబ్బంది ఎక్కడ?" అని అడగలేదు.

మన సంతనే తీసుకోండి. సంతలో ధరలు చూపించే యాప్ కావాలని ఏఐని అడిగితే అందంగా చేసిస్తుంది. కొలత అనే చోట కిలో, లీటరు అని పెడుతుంది. మన సంతలో కుంచం, అడ్డ, సోల కొలతలు ఉంటాయని దానికి మనం చెప్తేనే తెలుస్తుంది. ఒక ఊరి అడ్డకీ ఇంకో ఊరి అడ్డకీ తేడా ఉంటే ఏం చేయాలి? లాగిన్‌కి ఓటీపీ పెడుతుంది. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సిన ఊళ్లో ఓటీపీ ఎలా వస్తుంది? చదువు రాని మా పెద్దమ్మ అక్షరాలు చూసి ఏ బటన్ నొక్కుతుంది? ఇవన్నీ రిక్వైర్‌మెంట్ ప్రశ్నలే. అడగగలిగేది ఆ సంతలో నిలబడినవాడే.

దేశంలో ఇలాంటి పెద్ద ఉదాహరణ కూడా ఉంది. ఉపాధి హామీ పనుల్లో ఫోన్ యాప్‌తో హాజరు వేయడాన్ని 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. రోజుకి రెండుసార్లు, పని జరిగే చోట నుంచి కూలీల ఫొటో తీయాలన్నది అప్పటి రూలు. అలాంటి యాప్ రాసేవాడు కోడ్ మొదలుపెట్టకముందే కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. పని జరిగే కొండ మీద సిగ్నల్ లేకపోతే ఫొటో ఎక్కడ దాచాలి? మేట్ ఫోన్ చెడిపోతే ఆ రోజు కూలి సంగతేంటి? తప్పు పడితే ఎవరు, ఎన్ని రోజుల్లో సరిచేయాలి? ఇవి అడగకుండా రాసిన కోడ్ ఎర్రర్ లేకుండా రన్ అవుతుంది. కానీ దాని వల్ల ఒక మనిషికి కూలి పోతుంది. కంప్యూటర్‌కి కనపడని ఈ ఎర్రర్‌ని పట్టుకునేవాడే ఇంజనీరు.

మన ఇళ్లలో అలాంటి ఎర్రర్లు చూస్తూ పెరిగాం మనం. ఆ అనుభవానికి కోడింగ్ పట్టు తోడైతే మనల్ని మించినవాడు ఉండడు. పట్టు లేకపోతే ఆ అనుభవం కంప్లైంటుగానే మిగిలిపోతుంది.

4. "కోడింగ్ దండగ" అనే మాట గురించి

2025లో మెటర్ అనే పరిశోధన సంస్థ 16 మంది అనుభవం ఉన్న డెవలపర్లతో 246 పనులు చేయించింది, వాళ్లు ఏళ్లుగా పనిచేస్తున్న ప్రాజెక్టుల్లోనే. ఏఐ వాడితే వేగం పెరుగుతుందని వాళ్లు ముందు అనుకున్నారు. పనయ్యాక కూడా 20 శాతం వేగంగా చేశామనుకున్నారు. గడియారం చూస్తే 19 శాతం ఎక్కువ టైమ్ పట్టింది. అది 2025 మొదట్లో ఉన్న టూల్స్‌తో, పెద్ద పాత ప్రాజెక్టుల మీద చేసిన పరీక్ష. రేపు టూల్ ఇంకా మెరుగవుతుంది. నేను చెప్పేది వేగం గురించి కాదు. పండిపోయిన డెవలపర్లకే ఏఐ తమకి ఎంత సాయం చేసిందో సరిగ్గా అంచనా దొరకలేదు. ఇంకా నేర్చుకుంటున్న మనకి "నాకు వచ్చేసింది" అనిపించడంలో నమ్మకం ఎంత?

ఉద్యోగాల సంగతి. 2025 ఆగస్టులో స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ వాళ్లు అమెరికా జీతాల లెక్కలు చూసి ఒక పేపర్ ఇచ్చారు. ఏఐ ఎక్కువగా చేయగలిగే పనుల్లో, 22 నుంచి 25 ఏళ్ల వాళ్ల ఉద్యోగాలు మిగతావాటితో పోలిస్తే 13 శాతం తగ్గాయి. అందులో సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. అవే పనుల్లో అనుభవం ఉన్నవాళ్లకి అలా తగ్గలేదు. అది అమెరికా, మనది వేరు. కానీ దిక్కు అర్థమవుతోంది. ఏఐ చేసే పని మాత్రమే చేయగలిగినవాడికి చోటు తగ్గుతోంది. ఏఐ చేసిన పనిలో తప్పు చూపించగలిగినవాడికి చోటు ఉంది. తప్పు చూపించాలంటే కోడ్ చదవడం రావాలి. రాయకుండా చదవడం ఎవరికీ రాలేదు.

జీలుగు చెట్టు కింద కూర్చొని ఎంత కల్లు తాగినా చెట్టెక్కడం రాదు కదా.

5. మరి బంద్ చేస్తే పోలేదా?

పోదు. బంద్ చేస్తే మొదటి దెబ్బ మనకే.

మొదటి కారణం: నిషేధం క్లాసు గదిలోనే పనిచేస్తుంది. ఇంట్లో ల్యాప్‌టాప్, పెయిడ్ అకౌంట్ ఉన్నవాడు వాడుతూనే ఉంటాడు. భయపడి ఆపేసేది మనం.

రెండో కారణం: "ఏఐ రాసిందా లేదా" పట్టుకునే సాఫ్ట్‌వేర్లు నమ్మదగినవి కావు. చాట్‌జీపీటీ తయారు చేసిన ఓపెన్‌ఏఐ కంపెనీయే అలాంటి టూల్ ఒకటి పెట్టి, సరిగ్గా పట్టుకోవట్లేదని 2023 జూలైలో తీసేసింది. అదే ఏడాది స్టాన్‌ఫోర్డ్ వాళ్లు ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు సొంతంగా రాసిన టోఫెల్ వ్యాసాలని ఏడు డిటెక్టర్లకి ఇచ్చి చూశారు. సగటున 61 శాతం వ్యాసాలు మెషిన్ రాసినవే అని అవి తేల్చాయి. పాపం, రాసింది మనుషులు. మనది కూడా పుస్తకాల్లో నేర్చుకున్న కట్టె ఇంగ్లీషే. ప్రాజెక్టు రిపోర్టు రాత్రంతా కూర్చొని సొంతంగా రాసినా దొంగ ముద్ర మన మీద పడుతుంది.

మంచి దారి చూపించినవాళ్లు ఉన్నారు. హార్వర్డ్ యూనివర్సిటీలో సీఎస్50 అనే మొదటి ప్రోగ్రామింగ్ కోర్సు ఉంది. ఆన్‌లైన్‌లో ఎవరైనా ఉచితంగా చదవచ్చు. వాళ్లు 2023 నుంచి సొంత ఏఐని పెట్టారు, దానికి బాతు బొమ్మ. బాతుని అడిగితే కోడ్ రాసివ్వదు. తప్పు ఎక్కడుందో ఆలోచించేలా దారి చూపిస్తుంది. ఆ కోర్సులో చాట్‌జీపీటీ లాంటివి వాడకూడదు, బాతుని అడగొచ్చు. టర్కీలో ట్యూటర్ వాడిన పిల్లలకి జరిగిన మేలు ఇక్కడ రూలుగా మారింది.

6. కాలేజీని మనం ఏం అడగాలి

ఒకటి, ప్రతి ప్రోగ్రాంకీ, ప్రతి ప్రాజెక్టుకీ మనిషికి ఐదు నిమిషాలు నోటి పరీక్ష. కోడ్‌లో ఒక లైన్ తీసేసి "ఇప్పుడేమవుతుంది?" అని అడగాలి. చెప్తే మార్కు, లేకపోతే లేదు.

ఇక్కడ "తమ్ముడూ, వైవా అంటే ఇంగ్లీషు, మనవాళ్లు అక్కడే బిగుసుకుపోతారు" అంటారు. నిజమే. అందుకే రెండో డిమాండు: ఆ వైవా తెలుగులో చెప్పే హక్కు. లూప్, అర్రే, ఫంక్షన్ అనే పదాలు ఎలాగూ అవే, చుట్టూ ఉన్న మాట తెలుగు కావచ్చు. మార్కు అర్థానికి ఇవ్వాలి, ఇంగ్లీషుకి కాదు. ఇంగ్లీషు కూడా నేర్చుకోవాలి, దాన్ని వేరే క్లాసులో వేరేగా నేర్పండి.

మూడు, ల్యాబ్ సాయంత్రం 8 దాకా తెరిచి ఉంచాలి. హాస్టల్లో పది సిస్టమ్‌లు పెట్టమని ఐటీడీఏని, ట్రైబల్ వెల్ఫేర్‌ని రాతపూర్వకంగా అడగాలి. సాధనకి వస్తువు లేకుండా "కాపీ కొట్టకండి" అంటే తిండి పెట్టకుండా బలంగా ఉండమన్నట్టే.

నాలుగు, అందరికీ ఒకే టూల్ కాలేజీ ద్వారా ఇవ్వాలి. 2025లో మన దేశంలో ఫ్రీ ఆఫర్లు వరదలా వచ్చాయి. ఎయిర్‌టెల్ వాళ్లకి పర్‌ప్లెక్సిటీ ఏడాది, జియో వాళ్లకి జెమినై 18 నెలలు, చాట్‌జీపీటీ గో ఏడాది ఉచితం అన్నారు. ఆ గో ప్లాన్ మన దేశంలో మొదలైనప్పుడు ధర నెలకి 399 రూపాయలు. ఫ్రీ అయిపోయాక ఎవరు కడతారు? అలవాటు చేసి ఆపేస్తే మన చేతిలో టూలూ ఉండదు, చదువూ ఉండదు.

ఐదు, ఏ అసైన్‌మెంట్‌లో ఏఐ వాడొచ్చు, దేనిలో వద్దు అని కాగితం మీద ముందే రాసివ్వాలి. మొదటి ఏడాది సీ ప్రోగ్రామింగ్‌లో కోడ్ రాయించుకోవడం వద్దు. మూడో ఏడాది ప్రాజెక్టులో వాడొచ్చు, కానీ గిట్‌లో రోజువారీ మార్పులు కనపడాలి. ఒక్క రాత్రిలో పుట్టిన ప్రాజెక్టు ఎవరిదో గిట్ హిస్టరీ చెప్పేస్తుంది.

7. హాస్టల్లో మనం మొదలుపెట్టగలిగేది

కాలేజీ వినేలోపు ఈ పనులకి ఎవరి పర్మిషన్ అక్కర్లేదు.

ముందు 20 నిమిషాలు కాగితం, పెన్ను. ఇన్‌పుట్ ఏంటి, అవుట్‌పుట్ ఏంటి, మధ్యలో మెట్లు ఏంటి. తప్పైనా ఫర్లేదు, మన తప్పు మన చేతిరాతలో ఉండాలి.

తర్వాత ఏఐని అడగండి. కానీ ఇలా అడగండి: "నేను మొదటి ఏడాది స్టూడెంట్‌ని. కోడ్ రాసివ్వకు. నా ఆలోచన ఇది. తప్పు ఎక్కడుందో ఒక్క సూచన ఇవ్వు, తర్వాత నన్ను ఒక ప్రశ్న అడుగు. తెలుగులో చెప్పు." దీన్ని ఫోన్ నోట్స్‌లో దాచుకోండి. మీ ఫోన్లో అదే చాట్ బాతులా మారుతుంది.

కోడ్ వచ్చాక పగలగొట్టండి. సున్నా ఇవ్వండి, మైనస్ ఇవ్వండి, పేరు చోట అంకెలు ఇవ్వండి. ఏఐ ధీమాగా తప్పు చెప్తుంది, లేని లైబ్రరీ పేర్లు కూడా చెప్తుంది. పగలగొట్టి చూసినవాడికే తెలుస్తుంది.

చివరగా రూమ్మేట్‌కి లైన్ లైన్ చెప్పండి. కోయలోనో, కువిలోనో, సవరలోనో, లంబాడీలోనో, మీ భాషలో. అమ్మ భాషలో చెప్పగలిగితే ఆ విషయం నిజంగా వచ్చినట్టు.

ఒక జాగ్రత్త కూడా. స్కాలర్‌షిప్ ఫారం నింపడానికి ఆధార్, కుల ధ్రువపత్రం ఫొటోలు తీసి ఏఐలో పెడుతున్నారు కొందరు. అలా చేయొద్దు. మనవే కాదు, ఊళ్లో పెద్దవాళ్లవి అసలే వద్దు.

"ముందు పాసవ్వాలి కదా, బ్యాక్‌లాగ్ పడితే ఎలా?" అనే ప్రశ్నని నేను తేలిగ్గా తీసుకోను. ఒకే వారంలో ఐదు రికార్డులు, రెండు మిడ్‌లు, ల్యాప్‌టాప్ వంతు రాత్రి రెండింటికి వస్తుంది. అన్నీ సొంతంగా చేయమనడం టౌన్లో కూర్చొని చెప్పే నీతి అవుతుంది. నేను చెప్పేది ఇంతే: బతుకుతెరువు ఇచ్చే సబ్జెక్టులు కొన్ని ఉన్నాయి. ఒక ప్రోగ్రామింగ్ భాష, డేటా స్ట్రక్చర్స్, డేటాబేస్, సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ప్రాజెక్టు. ఈ నాలుగింటిలో మాత్రం వేరేవాళ్ల కోడ్‌కి మన పేరు పెట్టొద్దు. మిగతా చోట్ల టైమ్ మిగిల్చుకొని ఆ టైమ్ ఇక్కడ పెట్టండి.

8. చివరి మాట

2025 సెప్టెంబర్‌లో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ "ఆది వాణి" అనే ఏఐ అనువాద టూల్‌ని మొదలుపెట్టింది. మొదట సంతాలీ, భీలీ, ముండారీ, గోండీ భాషలతో. ఐఐటీ ఢిల్లీ ముందుండి చేసింది, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ లాంటివి కూడా ఉన్నాయి. సంతోషమే. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు వచ్చింది. ఆ లిపి ప్రతులు దొరికింది మన ఆదిలాబాద్ గుంజాలలోనే. రేపు కోయ, కువి, సవర కూడా ఇలాంటి టూల్స్‌లోకి రావాలి. అప్పుడు ఆ టీమ్‌లో మనవాళ్లు ఏ కుర్చీలో ఉంటారు? మైకు ముందు కూర్చొని వాక్యాలు చదివి వెళ్లే కుర్చీలోనా, ఆ మెషిన్ తప్పు చెప్తే సరిదిద్దే కుర్చీలోనా? మొదటి కుర్చీకీ గౌరవం ఉంది, అది మన పెద్దల కుర్చీ. రెండో కుర్చీ మన తరానిది. అందులో కూర్చోవాలంటే కోడ్ మన ఫోన్లో ఉంటే చాలదు.

గ్రూపులో ఉద్యోగాల్లో ఉన్న అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. మాకు ల్యాప్‌టాప్ కొనివ్వమని అడగట్లేదు. నెలలో ఒక ఆదివారం, ఒక గంట, ఫోన్‌లోనే మా ప్రాజెక్టుల మీద వైవా తీసుకోండి. తెలుగులో, నవ్వకుండా. "ఈ లైన్ ఎందుకు రాశావు?" అని మాత్రం వదలకుండా అడగండి. ఒప్పుకునేవాళ్లు కింద కామెంట్‌లో "నేనున్నా" అని పెట్టండి. చదువుతున్నవాళ్లు మీ ప్రాజెక్టు పేరు, ఏ ఏడాదో రాయండి. లిస్టు నేను తయారు చేస్తా.

నా మాటల్లో తప్పుంటే కామెంట్‌లో మొహమాటం లేకుండా చెప్పండి, చర్చిద్దాం.

జోహార్లు.
మీ తమ్ముడు, సీఎస్‌ఈ మూడో ఏడాది, ఎస్టీ బాయ్స్ హాస్టల్